26 పాయింట్లు చేసినా స్కౌట్లు మా అబ్బాయి వైపు చూడలేదు, ఎందుకు?

ప్రశ్న: మేము టెక్సస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లం. మా అబ్బాయికి 20 ఏళ్లు, ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. కళాశాల ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లోనే, కాకపోతే అంతగా పేరులేని కళాశాలలో రెండో సంవత్సరం చదువుతూ బాస్కెట్‌బాల్ జట్టులో గార్డుగా ఆడుతున్నాడు. ఈ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 17 పాయింట్లు చేస్తున్నాడు. పోయిన నెల ఒక మ్యాచ్‌కు ఎన్‌బీఏ (ఇక్కడి వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) జట్లకు కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్లు ముగ్గురు వస్తున్నారని తెలిసి ఇంటిల్లిపాదీ వెళ్లాం. వాడు ఆ రోజు 26 పాయింట్లు చేశాడు. తీరా చూస్తే వాళ్లు వచ్చింది అవతలి జట్టులోని మొదటి సంవత్సరం కుర్రాడి కోసమట. 6 అడుగుల 8 అంగుళాల ఆ పిల్లవాడు చేసింది 8 పాయింట్లు! ఆ రాత్రి మావాడు అన్నం ముట్టలేదు. వాళ్ల నాన్నగారు ఇక ఆట చాలు, కంప్యూటర్ సైన్స్ మీద దృష్టి పెట్టమంటున్నారు. మా మరిది ‘మనవాళ్ల ముఖం చూసి ఎవరూ తీసుకోరు వదినా’ అంటున్నాడు. ఈ మధ్య ఒకాయన ఫోను చేసి, 5,000 డాలర్లు ఇస్తే స్కౌట్లకు పరిచయం చేస్తానన్నాడు. మావాడేమో వచ్చే వేసవికి డ్రాఫ్ట్‌కు, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమానికి, పేరు ఇస్తానని పట్టుబడుతున్నాడు. అసలు ఈ స్కౌట్లు చూసేది ఏమిటి? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు ఆ ఫోను సంగతి. ఆ డబ్బు ఇవ్వకండి. స్కౌటుకు జీతం ఇచ్చేది అతని జట్టు. పనికొచ్చే ఆటగాడిని పక్క జట్టు కంటే ముందే పసిగట్టడం అతని ఉద్యోగం. దానికోసం ఏడాదిలో సగం రోజులు విమానాల్లోనూ హోటళ్లలోనూ గడుపుతాడు. అలాంటి మనిషికి మీ అబ్బాయిని చూపించడానికి మధ్యవర్తి అవసరం లేదు. 17 పాయింట్ల సగటు ఉన్న డివిజన్ 1 ఆటగాడి వీడియోలు, లెక్కలు ఎన్‌బీఏ జట్లన్నిటి కంప్యూటర్లలోనూ ఇప్పటికే ఉంటాయి. ఆ ఫోను చేసినాయన దగ్గర మీకు అమ్మడానికి ఏమీ లేదు.

ఇక అసలు ప్రశ్న. మీ అబ్బాయి 26 పాయింట్లు చేసినప్పుడు ఆ ముగ్గురూ అక్కడే ఉన్నారు, కళ్లారా చూశారు. అయితే వాళ్లు మనసులో వేసుకునే ప్రశ్న వేరు. ‘ఈ కుర్రాడు ఇక్కడ ఎన్ని పాయింట్లు చేస్తున్నాడు’ అని కాదు, ‘మా జట్టుకు వస్తే ఏ పని చేస్తాడు’ అని. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న దూరం అర్థమైతే మీకు ఆ రోజు జరిగినదంతా అర్థమవుతుంది.

ఎన్‌బీఏలో 30 జట్లు, జట్టుకు 15 మంది, మొత్తం 450 స్థానాలు. ఇవి కాక, అనుబంధ లీగ్‌లోనూ అసలు జట్టులోనూ ఆడేలా టూ-వే ఒప్పందం మీద జట్టుకు ముగ్గురిని తీసుకోవచ్చు. డివిజన్ 1లో 350కి పైగా కళాశాలలు, నాలుగున్నర వేలకు పైగా ఆటగాళ్లు. ఏటా డ్రాఫ్ట్‌లో పిలిచే పేర్లు రెండు రౌండ్లూ కలిపి దాదాపు 60. అందులోనూ కొన్ని ఐరోపా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చే కుర్రాళ్లకు పోతాయి. సరే, అంత వడపోతలోనూ నెగ్గి లోపలికి వెళ్లాడనుకోండి. అక్కడ బంతి చేతిలో పెట్టుకుని ఆట నడిపే ఇద్దరు ముగ్గురు అప్పటికే ఉంటారు. కోట్ల డాలర్ల జీతం అందుకునేది వాళ్లు. కొత్తగా వచ్చినవాడు కళాశాలలో రాజులా ఆడినా ఇక్కడ ఎనిమిదో మనిషి, తొమ్మిదో మనిషి. మ్యాచ్‌లో పన్నెండు నిమిషాలు దొరికితే, అందులో బంతి అతని చేతిలో ఉండేది ఒక నిమిషమే కావచ్చు. మిగతా పదకొండు నిమిషాలు ఏం చేస్తాడు? స్కౌటు కళాశాల మ్యాచ్‌కు వచ్చి వెతుకుతున్నది ఆ పదకొండు నిమిషాలనే.

కళాశాల మ్యాచ్‌లు చూసి రాసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఒకసారి దక్షిణాది రాష్ట్రాల్లోని ఒక చిన్న జిమ్‌లో నా పక్క కుర్చీ ఒక స్కౌటుకు ఇచ్చారు. మ్యాచ్ ఏడింటికి. ఆయన అయిదున్నరకే వచ్చి కూర్చున్నాడు. ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి షాట్లు సాధన చేస్తుంటే ఆయన బంతి వైపు చూడడం లేదు, పాదాలు చూస్తున్నాడు. పాస్ అందుకునేలోపే పాదాలు సర్దుకుంటున్నాయా, అందుకున్నాక సర్దుకుంటున్నాయా అని. మ్యాచ్ మొదలయ్యాక ఆయన నోటు పుస్తకం మీద నా కన్ను పడింది. పాయింట్ల గడి లేదు. అడిగితే, ‘అవి స్కోరు కాగితంలో ఎలాగూ ఇస్తారు’ అన్నాడు.

ఆయన వచ్చింది ఒక పొడుగాటి కుర్రాడి కోసం. మొదటి సగంలో ఆ కుర్రాడు కాపలా కాస్తున్న మనిషి కోర్టు మూలకు జరిగి బంతి అందుకున్నాడు. కుర్రాడు మధ్యలోంచి శక్తికొద్దీ పరుగెత్తి, చేయి పైకెత్తి ఎగిరాడు. అవతలివాడు షాట్ వేస్తున్నట్టు నటించి ఆగాడు. మనవాడు గాలిలో అతన్ని దాటుకుని ప్రేక్షకుల మీదికి వెళ్లిపోయాడు. బాస్కెట్ దాకా దారి ఖాళీ. పక్కాయన ఒక మాట రాసుకున్నాడు. కాసేపటికి అదే మూల, అదే పరుగు, అదే తప్పు. మళ్లీ రాసుకున్నాడు. కోచ్ కుర్రాడిని బయటికి పిలిచాడు. అతను వచ్చి చివరి కుర్చీలో కూర్చుని తలమీద తువ్వాలు కప్పుకున్నాడు. స్కౌటు కళ్లు ఆట మీద లేవు, ఆ తువ్వాలు మీదే ఉన్నాయి. ఒక నిమిషం తర్వాత కుర్రాడు తువ్వాలు తీసి, లేచి వెళ్లి సహాయ కోచ్ పక్కన కూర్చుని ఏదో అడిగాడు. ఆయన నిలబడి అడుగులు వేసి చూపించాడు. రెండో సగంలో మూడోసారి అదే మూలకు పాస్ వెళ్లింది. కుర్రాడు పరుగెత్తి, మూడు అడుగుల ముందే వేగం తగ్గించి, నడుము దించి, చిన్న చిన్న అడుగులతో దగ్గరికి జరిగి చేయి ఎత్తాడు. అవతలివాడికి షాట్ లేదు, దారి లేదు. బంతి వెనక్కి ఇచ్చేశాడు. జనం చప్పట్లు కొట్టలేదు, అసలు ఎవరూ గమనించలేదు. నా పక్కనున్నాయన మాత్రం పైన రాసుకున్న రెండు మాటల చుట్టూ సున్నా చుట్టాడు.

ఆ కుర్రాడు ఆ రాత్రి చేసినవి 9 పాయింట్లు. నేను ఆ ఆటలో ఎప్పటికీ మరిచిపోలేనిది ఆ మూడు అడుగులు.

ఇప్పుడు మీరు చూసిన 8 పాయింట్ల పిల్లవాడి దగ్గరికి వద్దాం. ఆ మ్యాచ్ నేను చూడలేదు కానీ రెండు సంగతులు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఒకటి, అతనిది మొదటి సంవత్సరం. స్కౌట్లకు వయసు చాలా పెద్ద లెక్క. 19 ఏళ్లకు 8 పాయింట్లు చేసినవాడు 22 ఏళ్లకు ఏమవుతాడో ఊహించుకోవచ్చు. 22 ఏళ్లకు 17 చేసినవాడు చాలావరకు పూర్తయిన ఇల్లు. ఆ ఇల్లు బాగుందా లేదా అని చూస్తారు తప్ప ఇంకో అంతస్తు లేస్తుందని ఎవరూ లెక్కగట్టరు. మీ అబ్బాయి 20లో ఉన్నాడు, ఇంకా అంతస్తుల వయసే.

రెండోది శరీరం. మన పెద్దలు బావి లోతును నిలువుల్లో, తాడు పొడవును బారల్లో చెప్పేవారు. మామూలు మనిషికి నిలువూ బారా ఇంచుమించు సమానం. స్కౌట్లకు నిలువు కంటే బార ముఖ్యం. మే నెలలో షికాగోలో జరిగే డ్రాఫ్ట్ కంబైన్‌లో బూట్లు లేకుండా ఎత్తు కొలుస్తారు, చేతులు చాపించి బార కొలుస్తారు, నిలబడి చేయి ఎత్తితే ఎంత అందుతుందో కొలుస్తారు, అరచేతి పొడవూ వెడల్పూ కూడా రాసుకుంటారు. తర్వాత గెంతడం, పరుగు, వైద్య పరీక్షలు, జట్లవాళ్ల ఇంటర్వ్యూలు. డ్రేమండ్ గ్రీన్ మిషిగన్ స్టేట్‌లో నాలుగేళ్లు ఆడి 2012లో 35వ పేరుగా వెళ్లాడు. బలమైనవాళ్లను కాయడానికి పొట్టి, వేగమైనవాళ్లను కాయడానికి బరువు అని చాలామంది పక్కన పెట్టారు. ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలే, కానీ బార 7 అడుగుల 1 అంగుళం. ఆ చేతులతోనూ ఆ బుర్రతోనూ 2017లో లీగ్ మొత్తంలో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు.

ఈ రాత్రి మీ అబ్బాయిని గోడకు ఆనించి నిలబెట్టి, చేతులు చాపించి టేపుతో కొలవండి. 6 అడుగుల 8 అంగుళాలు వస్తే అది స్కౌట్లకు పెద్ద వార్త, కోచ్‌కు తప్పక చెప్పండి. 6 అడుగుల 3 దగ్గరే ఆగితే దిగులు పడనక్కర్లేదు కానీ, అతను నిలబడాల్సిన నేల వేరే ఉందని తెలుసుకోవాలి.

ఆ నేల ఏమిటో చెప్పడానికి ఇద్దరి కథ చెబుతాను. మీ అబ్బాయి ఇప్పటికే ఎన్‌బీఏ తార స్టెఫెన్ కరీ పేరు ఎత్తి ఉంటాడు. చిన్న కళాశాల, మామూలు ఎత్తు, బోలెడు పాయింట్లు. ఇలాంటి కుర్రాళ్లందరూ ఎత్తే పేరే అది, తప్పులేదు. కరీ 2008-09లో డేవిడ్‌సన్ కళాశాలకు ఆడుతూ సగటున 28.6 పాయింట్లతో దేశంలో మొదటివాడిగా నిలిచి, డ్రాఫ్ట్‌లో ఏడో పేరుగా వెళ్లాడు. రెండేళ్ల తర్వాత, 2010-11లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి ఆడిన జిమ్మర్ ఫ్రెడెట్ 28.9 పాయింట్లతో దేశంలో మొదటివాడు. అతనూ గార్డే, ఇంచుమించు అదే ఎత్తు, ఎక్కడినుంచైనా షాట్ వేయగలవాడు. డ్రాఫ్ట్‌లో పదో పేరు. ఒకరు ఆటనే మార్చేశారు. రెండోవారు ఎన్‌బీఏలో నిలదొక్కుకోలేక చైనా లీగ్‌కు వెళ్లారు. ఫ్రెడెట్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కళాశాల ఆటలో అంతటి ఆనందం ఇచ్చినవాళ్లు అరుదు. కానీ 28.6కూ 28.9కీ తేడా చెప్పమంటే స్కోరు కాగితం చెప్పలేదు.

తేడా బంతి లేనప్పుడు ఉంది. కరీ రెండో సంవత్సరంలో ఆ జట్టులో బంతి నడిపింది జేసన్ రిచర్డ్స్ అనే మరో కుర్రాడు. ఆ ఏడాది అసిస్టుల్లో, అంటే తోటివాడు బాస్కెట్ వేసేలా పాస్ అందించడంలో, దేశానికే మొదటివాడు ఆయన. కరీ పని స్క్రీన్ల (కాపలాదారుకు అడ్డంగా నిలబడే తోటి ఆటగాళ్ల) చాటున ఆగకుండా పరుగెత్తడం, కాపలాదారు ఒక్క అడుగు వెనకబడగానే బంతి అందుకుని రెప్పపాటులో వదలడం. మూడో సంవత్సరంలో రిచర్డ్స్ వెళ్లిపోయాక ఆట నడిపే బాధ్యత మీద పడితే అదీ నేర్చుకున్నాడు. రెండు పనులూ వచ్చని స్కౌట్లకు కనిపించింది. ఫ్రెడెట్ ఆట దాదాపుగా బంతి చేతిలో ఉన్నప్పుడే. ఎన్‌బీఏలో ఆ బంతి అతనికి ఎవరూ ఇవ్వలేదు. బంతి లేనప్పుడు, ముఖ్యంగా పక్కలకు కదిలి కాపలా కాయాల్సి వచ్చినప్పుడు, అవతలి జట్లు అతన్నే వెతికి మరీ ఆడాయి.

ఆ 2011 డ్రాఫ్ట్‌ను నేను ఇప్పటికీ పాఠ్యపుస్తకంలా తిరగేస్తుంటాను. ఆ జనవరిలో ఫ్రెడెట్ ఒక్క ఓటమీ ఎరగని శాన్ డియేగో స్టేట్ మీద 43 పాయింట్లు కొట్టి గెలిపించాడు. దేశమంతా అతని పేరే. ఆ ఓడిన జట్టులో రెండో సంవత్సరం కుర్రాడు ఒకడున్నాడు, కవాయ్ లెనర్డ్. పెద్దగా మాట్లాడడు. 6 అడుగుల 7 అంగుళాల ఎత్తుకు 7 అడుగుల 3 అంగుళాల బార, 11 అంగుళాలు దాటిన అరచేతి వెడల్పు. మూడు పాయింట్ల షాట్లు నాలుగు వేస్తే పడేది ఒకటి. పదిహేనో పేరుగా వెళ్లి, 2014లోనూ 2019లోనూ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అదే డ్రాఫ్ట్‌లో ముప్పయ్యో పేరు, అంటే మొదటి రౌండ్‌లో ఆఖరి పేరు, జిమ్మీ బట్లర్. మీ టెక్సస్ కుర్రాడే, టామ్‌బాల్ ఊరు. రెండేళ్ల చదువు మాత్రమే ఉండే జూనియర్ కళాశాలలో మొదలుపెట్టి మార్క్వెట్ విశ్వవిద్యాలయానికి వెళ్లినవాడు. ఇక అన్నిటికంటే ఆఖరున, అరవయ్యో పేరు, 5 అడుగుల 9 అంగుళాల ఐజయా థామస్. పదో పేరు ఫ్రెడెట్, అరవయ్యో పేరు థామస్ ఇద్దరూ చేరింది ఒకే జట్టులో, శాక్రమెంటోలో. ఆ మొదటి సీజన్‌లోనే థామస్ ఆట మొదలుపెట్టే అయిదుగురిలోకి వచ్చాడు, ఫ్రెడెట్ బెంచీ మీదికి వెళ్లాడు. స్కౌట్లు దేవుళ్లేమీ కారని చెప్పడానికి కూడా ఆ ఏడాదే చాలు. వాళ్లు అరవయ్యో స్థానం దాకా ఆ పొట్టివాడిని వదిలేశారు.

కవాయ్ షాట్లు నాలుగుకు ఒకటి పడితే, అతన్ని దక్కించుకున్న శాన్ ఆంటోనియో జట్టు వాళ్లు ఎలా నమ్మారని మీకు అనిపించవచ్చు. ఇక్కడే మీ అబ్బాయికి పనికొచ్చే సంగతి ఉంది. అతని ఫ్రీత్రోలు నాలుగింట మూడు పడేవి. ఫ్రీత్రో అంటే ఎవరూ అడ్డుపడని షాట్. చేయి, మోచేయి, మణికట్టు ఎంత కుదురుగా ఉన్నాయో అది చూపిస్తుంది. కళాశాలలో మూడు పాయింట్ల షాట్లు ఒక సీజన్‌కు వందో నూట యాభయ్యో. అంత చిన్న లెక్కలో అదృష్టం పాలు ఎక్కువ. పైగా ఏ గీత వెనక నుంచి వేస్తే మూడు పాయింట్లో ఆ గీత దూరమే మారిపోతుంది. కళాశాలలో 22 అడుగుల 1¾ అంగుళాలు, ఎన్‌బీఏలో నడిమి భాగంలో 23 అడుగుల 9 అంగుళాలు. అందుకే పై లీగ్‌లో షాట్ నిలుస్తుందా లేదా అని తేల్చేటప్పుడు ఫ్రీత్రోల శాతం కూడా తప్పక తీస్తారు. మంచి చేయి, దిద్దదగిన పాదాలు ఉన్నాయనుకున్న శాన్ ఆంటోనియో, షాట్ నేర్పే కోచ్ చిప్ ఎంగలండ్ చేతిలో కవాయ్‌ను పెట్టింది. మొదటి సీజన్‌లోనే మూడు పాయింట్ల షాట్లు 37 శాతానికి పైగా పడ్డాయి.

మీ అబ్బాయి ఫ్రీత్రోల శాతం ఎంతో మీ ఉత్తరంలో లేదు. అతని ఎత్తు గార్డుకు 80 శాతం దాటాలని నేను ఆశిస్తాను. అసిస్టులు ఎన్ని, బంతి పోగొట్టుకున్నవి ఎన్ని అన్నదీ లేదు. అసిస్టులు టర్నోవర్లకు రెండింతలైనా ఉన్నాయా చూడండి. లాక్కున్న బంతులు ఎన్నో చూడండి. వాటిలో చేతుల వేగం, ముందుచూపు రెండూ తెలుస్తాయి కాబట్టి స్కౌట్లకు అవి చాలా ఇష్టమైన లెక్కలు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి: ఆ 26 పాయింట్లలో, ఆ 6 అడుగుల 8 అంగుళాల పిల్లవాడు ఎదురుగా ఉన్నప్పుడు వచ్చినవి ఎన్ని? వీడియో పెట్టి మీ అబ్బాయితోనే లెక్కపెట్టించండి. ఎన్‌బీఏలో ప్రతి రాత్రీ ఎదురుగా ఉండేది అలాంటి చేతులే.

పొట్టి గార్డులకు దారి ఉంది. జేలెన్ బ్రన్సన్ 6 అడుగుల 2 అంగుళాలవాడు. విలనోవాకు మూడేళ్లు ఆడి రెండుసార్లు, 2016లోనూ 2018లోనూ, దేశ చాంపియన్ జట్టులో ఉన్నాడు. 2018లో దేశంలోనే ఉత్తమ కళాశాల ఆటగాడి అవార్డులు అందుకున్నాడు. అయినా డ్రాఫ్ట్‌లో 33వ పేరు. ఫ్రెడ్ వాన్‌వ్లీట్ విచిటా స్టేట్‌కు నాలుగేళ్లు ఆడితే 2016లో అతని పేరే పిలవలేదు. మూడేళ్లకు టొరాంటోతో చాంపియన్ అయ్యాడు. ఈ ఇద్దరూ బంతి పోగొట్టుకోని రకం. రెండడుగుల్లో ఆగి, తిరిగి, అవతలివాడి బరువు ఏ కాలి మీద ఉందో కనిపెట్టి కదిలే రకం. ఇద్దరూ కళాశాలలో మూడు నాలుగేళ్లు ఉండి ఆ పనితనం సంపాదించారు. అందువల్ల, వచ్చే వేసవిలోనే తేలిపోవాలన్న తొందర మీ అబ్బాయికి అక్కర్లేదు.

డ్రాఫ్ట్‌కు పేరు ఇచ్చి చూడటంలో మాత్రం నష్టం లేదు. నియమాలు సరిగ్గా పాటిస్తే గడువులోగా పేరు వెనక్కి తీసుకుని కళాశాలకు తిరిగి రావచ్చు. ఈలోగా ఎన్‌బీఏ వాళ్ల సలహా సంఘం, ఇతన్ని ఏ రౌండ్‌లో తీసుకునే అవకాశం ఉందో, అసలు ఉందో లేదో, అభిప్రాయం చెబుతుంది. ఏదైనా జట్టు పిలిచి పరీక్షించినా చాలు, ఏం మెరుగుపరచుకోవాలో వాళ్ల నోటితోనే తెలుస్తుంది. పేరు ఇచ్చే ముందు కళాశాల నియమాల విభాగంతో ఒకటికి రెండుసార్లు మాట్లాడండి. ఏ కాగితం మీదా వాళ్లకు చూపించకుండా సంతకం పెట్టనివ్వకండి. గడువు దాటితే తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. మొదటి రౌండ్ వాళ్లకే రెండేళ్ల జీతం ఖాయం. రెండో రౌండ్ వాళ్లకు అంతా బేరం మీద ఉంటుంది.

నాలుగో సంవత్సరం దాకా ఆడితే వర్జీనియాలోని పోర్ట్స్‌మత్‌లో ఏప్రిల్‌లో జరిగే పోటీ ఉంది. అది కళాశాల ముగించినవాళ్ల కోసమే. స్కౌట్లు బారులు తీరి కూర్చుంటారు. నేను పైన చెప్పిన జిమ్మీ బట్లర్ 2011లో అక్కడే ఉత్తమ ఆటగాడిగా నిలిచి పైకి వచ్చాడు. ఎన్‌బీఏ కాకపోయినా అనుబంధ లీగ్ ఉంది, ఐరోపాలో మంచి జీతాలిచ్చే క్లబ్బులు ఉన్నాయి. బంతి ఆడి బతికేవాళ్లందరూ టీవీలో కనిపించేవాళ్లే కారు.

ఒక పెద్ద కళాశాలకు మారడం మేలా అని మీ అబ్బాయి త్వరలో అడుగుతాడు. ఈ రోజుల్లో అది సులువు, డబ్బు కూడా ఇస్తారు. పొడుగు చేతుల వాళ్ల మీద తన ఆట చూపించే అవకాశం దొరుకుతుంది, నిజమే. కానీ అక్కడ ముప్పై నిమిషాలు ఆడతాడా, ఆరు నిమిషాలా? ఆ మాట ఆ కోచ్ నోట స్పష్టంగా వినకుండా కదలకూడదు.

మీ మరిది గారి మాటకు వస్తాను, దాటవేయను. ఆ అనుమానం ఉత్తినే పుట్టలేదు. స్కౌట్లు కొత్త ఆటగాడిని చూడగానే పాత ఆటగాడితో పోల్చుకుంటారు. ‘ఇతను ఫలానా వాడిలా ఆడతాడు’ అన్నది వాళ్ల వృత్తి భాష. మనవాళ్లలో పోల్చడానికి పాత పేర్లు లేకపోవడంతో, కంటికి ఆనడానికి మన పిల్లలకు రెండు మ్యాచ్‌లు ఎక్కువ పట్టవచ్చు. భారతీయ మూలాలున్న వ్యక్తి ఎన్‌బీఏ మ్యాచ్‌లో మొదటిసారి అడుగు పెట్టింది 2015లో, కెనడాకు చెందిన సిమ్ భుల్లర్. న్యూ మెక్సికో స్టేట్‌కు ఆడి వచ్చిన 7 అడుగుల 5 అంగుళాల మనిషి. అదే ఏడాది పంజాబ్ పల్లె బల్లో కే నుంచి వచ్చిన సత్నామ్ సింగ్‌ను డల్లాస్ 52వ పేరుగా తీసుకుంది. ఇద్దరూ కొండల్లాంటి వాళ్లు. మీ అబ్బాయిలాంటి గార్డుకు ఆ దారి కూడా పనికిరాదు, తనే బాట వేసుకోవాలి. ఇది అన్యాయమే. కానీ ఆ రోజు స్కౌట్లు 8 పాయింట్ల పిల్లవాడి వైపు చూడటానికి కారణం ఇదని నేను అనుకోవడం లేదు. మీ అబ్బాయి చెవిలో ఈ మాట రోజూ పడితే, తాను దిద్దుకోగలిగిన తప్పులు కూడా అతనికి కనిపించకుండా పోతాయి. మరిది గారికి ఆ మాట మీరే చెప్పండి.

మీ వారికి కూడా ఒక సంగతి. స్కౌట్లు ఆట చూసి ఊరుకోరు. జట్టుకు నీళ్లు అందించే కుర్రాడిని, గాయాలకు కట్టు కట్టే మనిషిని, హైస్కూలు కోచ్‌ను, చదువు సంగతులు చూసే సలహాదారును కదిలిస్తారు. సమయానికి వస్తాడా, ఓడిన రోజు ఎలా ఉంటాడు, పెద్ద కోచ్ లేనప్పుడు మిగతావాళ్లతో ఎలా మాట్లాడతాడు, తరగతులకు వెళతాడా అని. కంప్యూటర్ సైన్స్ చదువుతూ డివిజన్ 1 ఆడుతున్న కుర్రాడు రోజు ఎలా గడుపుతాడో వాళ్లకు తెలుసు. ఆ చదువు స్కౌటు పుస్తకంలో అతనికి అనుకూలంగానే పడుతుంది. చదువా ఆటా అని ఇంట్లో పంచాయితీ పెట్టవద్దని మీ వారిని నేను వేడుకుంటున్నాను. ఆ పంచాయితీ బరువు మోసుకుంటూ కోర్టులోకి వచ్చే పిల్లలను నేను చూశాను. ఇంకో మాట, కోచ్‌కు ఫోను చేసి మావాడిని ఇంకాస్త ఆడించండి అని ఇద్దరూ అడగకండి. అది కూడా స్కౌట్ల చెవిన పడుతుంది.

వచ్చే మ్యాచ్‌కు వెళ్లినప్పుడు మీరొక పని చేయండి. ఒక కాగితం, పెన్ను పట్టుకుని, పది నిమిషాల పాటు బంతి వైపు చూడకుండా మీ అబ్బాయినే చూడండి. కష్టంగా ఉంటుంది, జనం అరిచినప్పుడల్లా కళ్లు అటు పోతాయి. బంతి వేరేవాళ్ల చేతిలో ఉన్నప్పుడు నిలబడి చూస్తున్నాడా, కదులుతున్నాడా? షాట్ తప్పితే వెనక్కి పరుగెత్తే అయిదుగురిలో ఎన్నోవాడు? తన మనిషి కాకపోయినా దారి ఖాళీ అయితే అడ్డంగా వెళ్లి నిలబడ్డాడా? కోచ్ కూర్చోబెట్టినప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నాడు? చూసింది చూసినట్టు రాయండి, మెచ్చుకోలు వద్దు, కోప్పడటం వద్దు. ఇంటికొచ్చాక వాడు అన్నం తిన్న తర్వాత ఆ కాగితం చేతికివ్వండి.